ఓటీ డబ్బులు లెక్కగట్టి, అడిగి, రాబట్టుకోవడం ఎలా?

దసరా, దీపావళి అమ్మకాలు ముగిశాక ఒకసారి, గుంటూరు యార్డుకు మిర్చి పోటెత్తే వేసవి ముందు రోజుల్లో మరోసారి, ఏటా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. రోజూ పదకొండు గంటలు నిలబడి పనిచేస్తే జీతం మాత్రం ఎప్పటిలాగే వేశారు, అదనపు గంటల డబ్బులు (ఓవర్‌టైమ్, అంటే ఓటీ) అడగవచ్చా అని. అడగవచ్చు. ఎలా అడగాలో, అంతకన్నా ముందు ఎలా లెక్క వేయాలో తెలియకపోవడం వల్లనే చాలామంది మొదటి మాటకే వెనక్కి వస్తున్నారు కాబట్టి ఈ వివరాలన్నీ ఒకచోట రాస్తున్నాను.

నేను విజయవాడ వన్‌టౌన్‌లోని ఒక బట్టల హోల్‌సేల్ దుకాణంలో కొన్నేళ్లు పద్దులు రాశాను. అక్కడి హాజరు పుస్తకంలో వచ్చిన వేళకు, వెళ్లిన వేళకు గడులు అచ్చయి ఉండేవి, కానీ వాటిని ఎవరూ నింపేవారు కాదు. ప్రతి పేరుకు ఎదురుగా ఒక టిక్కు పెట్టడమే మా అలవాటు. ఒక సేల్స్‌మన్ పండుగ నెల ఓటీ అడిగినప్పుడు యజమాని ఏమీ వాదించలేదు, ఆ పుస్తకం తెరిచి ముందు పెట్టారు. ఎన్ని గంటలు చేశాడో అందులో లేదు, ఆ సేల్స్‌మన్ దగ్గరా లేదు. ఆ టిక్కులు పెట్టిన చేయి నాదే కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను: జీతం చెల్లించానని రుజువు చేయవలసిన బాధ్యత చట్టం యజమాని మీదే పెట్టింది, కానీ ఇన్ని గంటలు పనిచేశానని చూపించవలసింది మాత్రం మీరే.

చట్టం గురించి తెలియవలసింది కొంచెమే. కనీస వేతనాల చట్టం (1948), వేతనాల చెల్లింపు చట్టం (1936) వంటి పాత చట్టాల స్థానంలో వేతనాల కోడ్, 2019 వచ్చింది. అది 2025 నవంబరు 21 నుంచి అమలులో ఉంది. అందులోని 14వ సెక్షన్ ప్రకారం నిర్ణీత గంటలు దాటి చేసిన ప్రతి గంటకూ మామూలు రేటుకు రెట్టింపు కన్నా తగ్గకుండా చెల్లించాలి.

కావలసినవి

ఒక చిన్న నోటుపుస్తకం, పెన్ను, మీ ఫోన్, గత ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్, ఉన్నట్లయితే అపాయింట్‌మెంట్ లెటర్, వేతన చీటీలు, గుర్తింపు కార్డు, పీఎఫ్ లేదా ఈఎస్ఐ నంబరు. ఇవన్నీ లేవని ఆగిపోనవసరం లేదు. అపాయింట్‌మెంట్ లెటర్ లేనివారే ఎక్కువ. దుకాణం యూనిఫాంలో దిగిన ఫొటో, జీతం జమ అయినట్టు వచ్చిన సందేశం, యజమాని వాట్సాప్‌లో పంపిన "రేపు తొమ్మిదికే రా" అన్న మాట, ఇవన్నీ మీరు అక్కడ పనిచేస్తున్నట్టు చెప్పే సాక్ష్యాలే.

1. గంటలు ఈ రోజు నుంచే రాయండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే కాబట్టి కాస్త ఓపికగా చదవండి. ప్రతి రాత్రి ఇంటికి చేరగానే నాలుగు వివరాలు రాయాలి. అవి లోపలికి వెళ్లిన వేళ, బయటికి వచ్చిన వేళ, భోజనానికి ఆగిన సమయం, ఆలస్యానికి కారణం. ఒక రోజు నమూనా ఇలా ఉంటుంది:

"సోమవారం. ఉదయం 9.50 నుంచి రాత్రి 9.40. భోజనం 2.15 నుంచి 3.00. సూరత్ లోడు వచ్చింది, దించి మడతలు పెట్టాం."

ఇది 11 గంటల 50 నిమిషాలు. అందులో భోజనం 45 నిమిషాలు తీసేస్తే 11 గంటల 5 నిమిషాలు. 11 అని రాయకండి, 12 అని అసలే రాయకండి. నెల మొత్తం "10 నుంచి 10" అని ఒకే సిరాతో రాసి ఉన్న పుస్తకం ఒక్క రాత్రిలో కూర్చుని రాసినట్టు కనిపిస్తుంది. 9.40, 9.25, 10.05 అని ఎగుడుదిగుడుగా ఉన్నదాన్నే చూసేవారు నమ్ముతారు. త్వరగా వదిలేసిన రోజులనూ, సెలవు పెట్టిన రోజులనూ దాచకుండా రాయండి.

పుస్తకానికి తోడుగా ఫోన్‌లో మిగిలే ఆనవాళ్లను కాపాడుకోండి. దుకాణం మూసేముందు పక్క బడ్డీలో టీకి ఫోన్‌పే చేసిన పది రూపాయలకు కూడా వేళ నమోదై ఉంటుంది. గూగుల్ మ్యాప్స్‌లో టైమ్‌లైన్ ఆన్ చేసుకుంటే మీరు ఏ వేళ వరకు ఎక్కడ ఉన్నారో అదే గుర్తుపెట్టుకుంటుంది. స్క్రీన్‌షాట్లు తీయండి, కానీ అసలు చాట్లను చెరపవద్దు. ఫోన్ మార్చేటప్పుడు బ్యాకప్ తీసుకోవడం మరచిపోకండి.

హెచ్చరిక: యజమాని హాజరు పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకోవడం, సీసీ కెమెరా రికార్డింగు చాటుగా కాపీ చేసుకోవడం వంటి పనులు చేయకండి. న్యాయంగా మీకు రావలసిన డబ్బు కోసం దొంగతనం కేసులో ఇరుక్కోవడం మంచిది కాదు.

2. రోజు లెక్క కన్నా వారం లెక్క వేయండి

ఇక్కడే ఎక్కువమంది తడబడుతున్నారు. దుకాణాలు, సంస్థలకు వర్తించే 1988 నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర చట్టంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని ఉండేది. 2025లో సవరణ చేసి రోజువారీ పరిమితిని 10 గంటలకు పెంచారు. అప్పటి నుంచి "ప్రభుత్వమే పది గంటలు చేసింది, ఇంక ఓటీ ఎక్కడిది?" అన్న సమాధానం విజయవాడ బీసెంట్ రోడ్డు నుంచి గుంటూరు పట్నం బజారు దాకా వినిపిస్తోంది. ఆ సమాధానంలో సగమే నిజం ఉంది, ఎందుకంటే వారానికి 48 గంటల పరిమితిని ఎవరూ ముట్టుకోలేదు. రోజుకు పది గంటల చొప్పున పనిచేస్తే ఐదో రోజుకే 50 గంటలు అవుతాయి. అంటే ఐదో రోజు సాయంత్రానికే రెండు గంటల ఓటీ పడుతుంది, ఆరో రోజు పని మొత్తం ఓటీ కిందికే వస్తుంది.

కాబట్టి ప్రతి వారం చివర మొత్తం గంటలు కూడి, అందులో నుంచి 48 తీసేయండి. ఉదాహరణకు ఉదయం 10 నుంచి రాత్రి 9.30 వరకు డ్యూటీ, ఒక గంట భోజన విరామం అనుకుందాం. రోజుకు పదిన్నర గంటల చొప్పున ఆరు రోజులకు 63 గంటలు. ఓటీ 15 గంటలు.

వాచ్‌మన్లు, సెక్యూరిటీ గార్డుల 12 గంటల షిఫ్టులో విడిగా విశ్రాంతి సమయం ఏదీ ఇవ్వకపోతే ఆరు రోజులకు 72 గంటలు అవుతాయి, అంటే వారానికి 24 గంటల ఓటీ. ఇదంతా "షిఫ్టే అంత" అన్న ఒక్క మాటతో మాయమైపోతోంది.

తరచుగా చేసే పొరపాట్లు: భోజన విరామాన్ని కూడా పని గంటల్లో కలపడం, ఇంటి నుంచి దుకాణానికి ప్రయాణించిన సమయాన్ని కలపడం. అయితే విరామమని పేరు పెట్టి కౌంటర్ దగ్గరే కూర్చోబెట్టి, బేరం వస్తే లేపుతుంటే దాన్ని విరామం అనలేం. ఆ విషయాన్ని నోటుపుస్తకంలో ఏ రోజుకారోజు రాసుకోండి.

3. గంట రేటు కట్టండి

నెల జీతాన్ని 26తో, వచ్చినదాన్ని 8తో (వారానికి 48 గంటలను ఆరు రోజులకు పంచితే రోజుకు 8) భాగించండి. 30తో భాగించకండి. నెలకు నాలుగు వారాంతపు సెలవులు పోగా మిగిలే పనిదినాలు 26 అన్నది ఎప్పటి నుంచో నడుస్తున్న లెక్క.

జీతం 13,000 అయితే రోజుకు 500 రూపాయలు, గంటకు 62 రూపాయల 50 పైసలు. దానికి రెట్టింపు 125 రూపాయలు, ఇదే మీ ఓటీ గంట రేటు. పై ఉదాహరణలోని 15 గంటలకు వారానికి 1,875 రూపాయలు, నాలుగు వారాలకు 7,500 రూపాయలు వస్తాయి. ఇదే 30తో భాగిస్తే ఓటీ గంటకు 108 రూపాయల 33 పైసలే అవుతుంది. నెలకు 60 గంటల మీద సరిగ్గా వెయ్యి రూపాయలు పోతాయి.

చీటీలో బేసిక్ తక్కువ చూపి, ఇంటి అద్దె, ప్రయాణ భత్యం ఎక్కువ చూపే సంస్థలు ఓటీని ఆ చిన్న బేసిక్ మీద లెక్కిస్తాయి. కొత్త కోడ్ దీనికి ఒక అడ్డు పెట్టింది. వేతనంలో కలపని భత్యాలు మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటిన భాగాన్ని తిరిగి వేతనంలో కలపాలి. 13,000లో బేసిక్ 5,000, అద్దె, ప్రయాణ భత్యాలు కలిపి 8,000 అని చూపితే, సగమైన 6,500కు పైన ఉన్న 1,500 వేతనంలోకి వచ్చి చేరుతుంది. అలా వచ్చిన 6,500 కూడా మీ పనికి ప్రకటించిన కనీస వేతనం కన్నా తక్కువగా ఉంటే అది మరో ఫిర్యాదు అవుతుంది, దాని కోసం తరువాతి మెట్టు చూడండి.

సరిచూసుకోవడానికి మీ లెక్కను ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడికి ఇచ్చి మళ్లీ చేయించండి. అతనికి అర్థం కాని లెక్కను లేబర్ ఆఫీసులో మీరు వివరించలేరు.

4. అసలు జీతమే తక్కువగా ఉందేమో చూడండి

రాష్ట్ర కార్మిక శాఖ పనుల వారీగా కనీస వేతనాలను ప్రకటించి, ధరల సూచీని బట్టి కరువు భత్యాన్ని ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న సవరిస్తుంది. శాఖ వెబ్‌సైటులో గానీ లేబర్ ఆఫీసు నోటీసు బోర్డులో గానీ మీ పని ఏ జాబితాలో, మీ ఊరు ఏ జోన్‌లో ఉందో చూసుకుని, బేసిక్, కరువు భత్యం రెండూ కలిపి పోల్చండి. పాత పట్టిక చూసి మోసపోకండి, కింద ఉన్న అమలు తేదీని చదవండి.

గుంటూరు చుట్టుపక్కల మిర్చి తొడిమలు తీసే మహిళలు కిలోల లెక్కన, బస్తాలు మోసే ముఠా కార్మికులు టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కన కూలి తీసుకుంటారు కాబట్టి తమకు ఇవేవీ వర్తించవని అనుకుంటారు. ముక్క రేటుకు పనిచేసేవారి పనికి రోజు లెక్కన కనీస వేతనం ప్రకటించి ఉంటే, ఆ రోజు చేతికి వచ్చింది దానికన్నా తగ్గకూడదు. కిలోలను రేటుతో గుణించి, రోజు కనీస వేతనం పక్కన పెట్టి చూడండి. అదే పనికి మగవారికి ఒక రేటు, ఆడవారికి మరో రేటు ఇవ్వడం కూడా కోడ్ ప్రకారం నిషిద్ధం.

5. కోతలు చూడండి

పావుగంట ఆలస్యానికి అరపూట జీతం కోయడం మన దుకాణాల్లో పరిపాటి. రాని సమయానికి తగిన పాళ్లలోనే కోయవచ్చని చట్టం చెబుతోంది. 13,000 జీతగాడికి పావుగంట విలువ 15 రూపాయల 62 పైసలు. అరపూట పేరుతో కోసేది 250. జరిమానా వేయాలన్నా ముందు కారణం అడగాలి, ఆ జరిమానా వేతన కాలంలోని వేతనంలో 3 శాతం దాటకూడదు. అడ్వాన్సుతో సహా అన్ని కోతలూ కలిపి వేతనంలో సగం మించకూడదు.

6. ముందు మాటతో, తరువాత కాగితంతో అడగండి

నేరుగా ఫిర్యాదుకు వెళ్లవద్దు. లెక్క ఎదురుగా పెడితే ఇచ్చేసే యజమానులు కూడా ఉన్నారు. కౌంటర్ దగ్గర కొనుగోలుదారుల ముందు కాకుండా, తీరిక వేళ చూసి అడగండి. పది రోజుల్లో తేలకపోతే ఇలా రాసి ఇవ్వండి:

"అయ్యా, నేను మీ దుకాణంలో ఫలానా తేదీ నుంచి సేల్స్‌మన్‌గా పనిచేస్తున్నాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నాలుగు వారాల్లో వారానికి 48 గంటలకు మించి మొత్తం 60 గంటలు అదనంగా పనిచేశాను. వేతనాల కోడ్, 2019 సెక్షన్ 14 ప్రకారం గంటకు 125 రూపాయల చొప్పున నాకు 7,500 రూపాయలు రావలసి ఉంది. వారాల వారీ లెక్క జతపరిచాను. 15 రోజుల్లో చెల్లించవలసిందిగా కోరుతున్నాను."

ఇందులో నిష్ఠూరాలు, పాత గొడవలు, "ఇంత చాకిరీ చేయించుకుని" వంటి మాటలు చేర్చకండి. నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. సంతకం పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు వచ్చే రుజువును రసీదుతో కలిపి దాచుకోండి. వాట్సాప్‌లో పంపడం అదనపు జాగ్రత్త మాత్రమే.

7. సంతకం పెట్టే ముందు వోచరు చదవండి

ఖాళీ వోచరు మీద సంతకం పెట్టకండి. "నాకు రావలసినవన్నీ అందాయి, ఇకపై ఎటువంటి బాకీ లేదు" అని అచ్చు వేసిన కాగితాన్ని 3,000 రూపాయలతో పాటు ముందు పెడితే, సంతకం పక్కన "అందిన మొత్తం 3,000 మాత్రమే, ఓటీ బాకీ ఉంది" అని మీ చేత్తో రాసి తేదీ వేయండి. రాయనివ్వకపోతే ఆ సాయంత్రమే జరిగినదంతా యజమానికి సందేశంగా పంపండి. చట్టం ఇచ్చిన హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదు. అయినా సంతకం పెట్టిన కాగితాన్ని కాదని వాదించడం కన్నా పెట్టకుండా ఉండడం తేలిక.

ఉద్యోగం మానేసినా, తీసేసినా మిగిలిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. నెల జీతం తరువాతి నెల ఏడో తేదీ దాటకూడదు.

8. సరైన ఆఫీసుకు వెళ్లండి

దుకాణాలు, హోటళ్లు, ప్రైవేటు ఆసుపత్రులు, మిల్లులు, కోల్డ్ స్టోరేజీల విషయంలో రాష్ట్ర కార్మిక శాఖ లేబర్ ఆఫీసుకు వెళ్లాలి. మీ ఇల్లున్న చోటు కాకుండా, పనిచేసే చోటు ఏ అధికారి పరిధిలోకి వస్తుందో చూడండి. తాడేపల్లిలో ఉంటూ విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసేవారు ఎన్టీఆర్ జిల్లాకే వెళ్లాలి. విజయవాడ రైల్వే స్టేషన్‌లో కాంట్రాక్టు మీద ఊడ్చేవారికి కేంద్ర కార్మిక శాఖ అధికారి వర్తిస్తారు, ఎందుకంటే రైల్వేలు, జాతీయ బ్యాంకులు కేంద్రం పరిధిలోనివి. కోసిన పీఎఫ్ జమ కాకపోతే అది పీఎఫ్ ఆఫీసు పని.

కాంట్రాక్టరు కనిపించకుండా పోయాడని నిరాశపడకండి. అతను చెల్లించకపోతే మీరు పనిచేసిన సంస్థ యజమాని బాధ్యత వహించాలి, కాబట్టి అర్జీలో ఇద్దరి పేర్లూ రాయండి.

పేరు బయటపడుతుందన్న భయం ఉంటే రిజిస్టరైన కార్మిక సంఘం ద్వారా వెళ్లవచ్చు, తనిఖీ అధికారి కూడా క్లెయిము (బాకీ ఇప్పించమని వేసే దరఖాస్తు) వేయవచ్చు. ఒకే సంస్థలోని ఎంతమంది తరఫున అయినా ఒకే దరఖాస్తు సరిపోతుంది. నలుగురు కలిసి వెళితే ఒక్కరిని వేరుచేసి బెదిరించడం కష్టం. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో గానీ, 1100 నంబరుకు గానీ ఫిర్యాదు ఇవ్వవచ్చు, కానీ అక్కడి నుంచి కూడా అది లేబర్ ఆఫీసుకే చేరుతుంది. అందుకే దాన్ని కదలిక తెచ్చే సాధనంగా వాడుకోండి, క్లెయిముకు బదులు అనుకోకండి.

9. క్లెయిము వేయండి

తనిఖీ అధికారికి ఇచ్చే ఫిర్యాదు వేరు, ప్రభుత్వం నియమించిన గెజిటెడ్ అధికారి ముందు వేసే క్లెయిము వేరు. మొదటిదానిలో అధికారి ముందుగా యజమానికి సరిదిద్దుకునే అవకాశం ఇస్తారు కాబట్టి వెంటనే కేసు పెట్టలేదని కోపగించుకోకండి. డబ్బు కావాలంటే సెక్షన్ 45 కింద క్లెయిము వేయాలి. దీనికి మూడేళ్ల గడువు ఉంది. 2025 నవంబరుకు ముందు చేసిన పనికి మాత్రం పాత చట్టాల్లోని తక్కువ గడువుల వాదన ఎదురుకావచ్చు, అందుకని ఆలస్యం చేయకండి. బాకీతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆ అధికారికి ఉంది. పది రెట్లూ వస్తాయని లెక్కలు కట్టుకోకండి, అది గరిష్ఠ పరిమితి మాత్రమే.

దరఖాస్తుకు వారాల వారీ పట్టిక, యజమానికి ఇచ్చిన లేఖ నకలు, పోస్టు రుజువు, స్టేట్‌మెంట్ జతచేయండి. నోటుపుస్తకం అసలు ఇవ్వవద్దు, నకలు ఇచ్చి అసలును విచారణ రోజు చూపండి. హాజరు, వేతన రిజిస్టర్లు తెప్పించమని రాతపూర్వకంగా కోరండి. వాటిని నిర్వహించడం యజమాని విధి. గడులు ఖాళీగా ఉన్న పుస్తకం వచ్చినప్పుడు, అప్పట్లో ఆ సేల్స్‌మన్‌ను ఓడించిన ఖాళీలే ఇప్పుడు మీకు పనికివస్తాయి.

లాయరు తప్పనిసరి కాదు. కావాలంటే కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు న్యాయ సహాయం ఉచితం.

10. ఉత్తర్వు వచ్చాక

ఉత్తర్వు నకలు తీసుకుని అంకెలను మీ పట్టికతో పోల్చండి, వారాలేమైనా జారిపోయాయేమో చూడండి. తక్కువ వచ్చిందనిపిస్తే 90 రోజుల్లో అప్పీలు చేయాలి. యజమాని చెల్లించకపోతే, రికవరీ సర్టిఫికెట్ జారీ చేయమని ఆ అధికారికే రాయండి. అది కలెక్టరుకు వెళితే భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేసి మీకు అందేలా చూస్తారు. నగదుగా ఇస్తామంటే అధికారి ఎదుటే తీసుకోండి, లేదా బ్యాంకులో వేయమనండి. ఖాతాలో జమ అయ్యే వరకు నోటుపుస్తకాన్ని పారేయకండి, ఇంకా అక్కడే పనిచేస్తుంటే ఈ వారం గంటలు రాయడం ఆపకండి.